మా వియ్యంకుడి తాత పేరు

మా అమ్మాయి పెళ్లి 2022లో జనగామలో జరిగింది. కన్యాదానం వేళ పురోహితుడు వరుడి మూడు తరాల పేర్లు అడిగాడు. మా వియ్యంకుడు తన పేరు చెప్పాడు. తండ్రి పేరు చెప్పాడు. తాత పేరు దగ్గరికి వచ్చేసరికి "మన్రోలప్ప" అన్నాడు.

పురోహితుడు చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "మనోహరప్పా?" అన్నాడు.

"కాదు స్వామీ, మన్రోలప్ప."

"మల్లప్ప అనమంటారా?"

"అదేం కర్మ! మా తాత పేరు మా తాతదే. మన్రోలప్ప అనండి."

పందిట్లో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బాజాలవాడు కూడా సన్నాయి పక్కన పెట్టి నవ్వాడు. పీటల మీద కూర్చున్నవాణ్ని, నాకు నవ్వే వీలు లేదు గదా! ఆ పేరేమిటో తరువాత కనుక్కుందామనుకున్నాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగాను. మా వియ్యంకుడిది గుత్తి. మాట గట్టిగా వుంటుంది గాని మనసు వెన్న. "ఏం బావగారూ, మీకు తెలియదా? మన్రో అంటే మద్రాసు గవర్నరు. తెల్లదొర. ఆయన పేరు మా పెద్దవాళ్లు పిల్లలకు పెట్టుకున్నారు. మగపిల్లాడయితే మన్రోలప్ప, ఆడపిల్లయితే మన్రోలమ్మ. మా తాతకు వాళ్ల తాత పేరు పెట్టినారంట" అన్నాడు.

నా చేతిలో ముద్ద చేతిలోనే వుండిపోయింది. "దొర పేరు బిడ్డకు పెట్టుకున్నారా!" అన్నాను.

అది నేను వేళాకోళానికి అన్నమాట కాదు. మా ఇంట్లో దొర అన్న మాట వినబడితే మా నాయనమ్మ కొంగు తలమీదికి లాక్కునేది. దొరలు పోయి, గడీలు కూలి, గడీ గోడల మీద మర్రిమొక్కలు మొలిచిన తరువాత కూడా ఆమెకు ఆ అలవాటు పోలేదు. అటువంటి ఇంటివాణ్ని నేను. దొర పేరు పెట్టుకున్న ఇంటికి పిల్లనిచ్చాను!

ఆ పూట పెళ్లివారి ముందు వాదన బాగుండదని వూరుకున్నాను. కాని ఆ పేరు నన్ను వదలలేదు. నేను పని చేసింది రెవెన్యూలో. మండలాలు వచ్చిన మరుసటి యేడు, 1986లో చేరాను. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతాల్లోనే తిరిగి 2018లో రిటైరయ్యాను. ముప్పయి రెండేళ్లు పహాణీలు, పట్టాలు, శిస్తు దస్తరాలు చూసినవాణ్ని. మన్రో పేరు డిపార్టుమెంటు పరీక్షల్లో ఒకసారి చదివిన గుర్తు. రైత్వారీ పద్ధతి పెట్టినవాడు అని రాస్తే రెండు మార్కులు. అంతే. ఆ రెండు మార్కుల మనిషి ఒక ఇంటి తాత ఎలా అయ్యాడో తెలుసుకోవాలనిపించింది. తీరిక వుంది గనుక చదివాను.

థామస్ మన్రో 1761లో స్కాట్లండులోని గ్లాస్గో పట్నంలో పుట్టాడు. తండ్రి అమెరికాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికాలో స్వాతంత్ర్య యుద్ధం రావడంతో ఆ వ్యాపారం మునిగిపోయింది. ఇల్లు గడవని స్థితిలో కొడుకు ఈస్టిండియా కంపెనీ పటాలంలో కేడెట్టుగా చేరి, 1780 జనవరిలో మద్రాసు రేవులో దిగాడు. పద్ధెనిమిదేళ్లవాడు. కంపెనీ సైన్యంలో అంతకంటె చిన్న అధికారి వుద్యోగం మరి లేదు. ఆ యేడే హైదరాలీతో యుద్ధం. తరువాత టిప్పుతో. ఆ పన్నెండేళ్లలో సిపాయి అధికారులు చాలామంది నేర్చుకోనిది ఒకటి ఈయన నేర్చుకున్నాడు: ఈ దేశం భాషలు. పారశీకం, హిందూస్తానీ కష్టపడి చదివాడు.

1792లో టిప్పు వోడిపోయి బారామహల్ వదులుకున్నాడు. ఇప్పటి సేలం, ధర్మపురి, కృష్ణగిరి వైపు ప్రాంతం అది. అక్కడ శిస్తు వసూలుకు కెప్టెన్ రీడ్ అనే ఆయన కింద మన్రోను వేశారు. కత్తి పట్టిన చేతికి కవిలెకట్ట వచ్చింది. ఏడేళ్లు అక్కడ వూరూరూ తిరిగాడు. టిప్పు చనిపోయిన తరువాత కొన్నాళ్లు కన్నడ జిల్లాకు పంపారు. ఆ వానలూ కొండలూ ఆయనకు సరిపడలేదు. తనను మళ్లీ మెట్టదేశానికి మార్చమని అడిగి మరీ మార్పించుకున్నాడు.

ఇక్కడికి వచ్చేసరికి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఎందుకంటే ఆ మెట్టదేశం కథలో మా కథ కూడా వుంది.

హైదరాబాదు నిజాము అలీ ఖాన్‌కు టిప్పుతో జరిగిన రెండు యుద్ధాల్లోను వాటాగా కొంత భూమి వచ్చింది. ఇప్పటి అనంతపురం, కడప, బళ్లారి, కర్నూలులో కొంత భాగం. తన రక్షణకు కంపెనీ పటాలం కావాలి. దాని జీతాలు ఇచ్చుకోవాలి. అందుకని 1800 అక్టోబరు 12న సంధి రాసి ఆ భూములన్నీ కంపెనీకి ఇచ్చేశాడు. అవే దత్తమండలాలు. ఇచ్చినవాటిలో గుత్తి వుంది. ఇవ్వనివాటిలో మా జనగామ వుంది, మానుకోట వుంది, భూపాలపల్లి అడవులు వున్నాయి. ఒక్క కాగితం మీద ఒక్క సంతకం. గీతకు అటు పడ్డవాళ్లు మా వియ్యంకుడి పెద్దలు. ఇటు మిగిలినవాళ్లు మా పెద్దలు.

అటు ప్రిన్సిపల్ కలెక్టరుగా వెళ్లినవాడు మన్రో. ఏడేళ్లు, 1807 దాకా వున్నాడు. అప్పుడు ఆ నాడు పాళెగాళ్ల చేతిలో వుంది. చిన్నా పెద్దా కలిపి సుమారు ఎనభైమంది. ఎవరి కోట వారిది, ఎవరి బంట్లు వారికి. వాళ్లందరినీ సైన్యం సాయంతో అణిచాడు. కొందరికి పింఛను ఇచ్చి కూర్చోబెట్టాడు, కొందరిని తరిమాడు. ఇది మెత్తని పని కాదు. శిస్తుకు ఎదురు తిరిగిన తెర్నేకల్లు వూరి మీదికి 1801లో కంపెనీ పటాలం దిగింది. గౌడప్ప అనే నాయకుణ్ని వురితీశారు. ఆ వూళ్లో ఎవరూ మన్రోలప్ప అని పేరు పెట్టుకుని వుండరు.

పాళెగాళ్లు పోయిన తరువాత అసలు పని మొదలుపెట్టాడు. 1802 నుంచి 1806 దాకా పొలం పొలం కొలిపించాడు. గొలుసు పొడవు ముప్పయి మూడడుగులు. నలభై గుంటలయితే ఎకరం. ఇది చదివి నాకు ఒళ్లు పులకరించింది. నా వుద్యోగమంతా నేను లెక్క వేసింది ఆ గుంటలే, ఆ ముప్పయి మూడడుగుల గొలుసే! కొలిచిన తరువాత నేల రకం చూసి శిస్తు కట్టి, ప్రతి రైతుకూ అతని పేరున పట్టా ఇచ్చాడు. నడుమ జమీందారు లేడు. బెంగాలులో 1793 నుంచీ జమీందార్లకే భూములు కట్టబెట్టారు. మన సర్కారు జిల్లాల్లో కూడా 1802 నుంచి అదే చేశారు. మన్రో ఒప్పుకోలేదు. దున్నేవాడికీ సర్కారుకూ మధ్య ఇంకొకడు ఎందుకన్నాడు.

ఇదంతా మద్రాసులో కుర్చీలో కూర్చుని చేసింది కాదు. గుడారం వేసుకుని సంవత్సరంలో చాలా భాగం వూళ్లంట తిరిగాడు. తెల్లవారేసరికి గుడారం చుట్టూ రైతులు చేరేవారు. ఒకడు గట్టు తగాదా చెప్పేవాడు, ఒకడు ఎద్దు చచ్చిందని చెప్పేవాడు. ఇల్లు విడిచి ఇరవై యేళ్లు దాటిన మనిషి, పెళ్లి కూడా లేదు, అన్నీ వింటూ కూర్చునేవాడు.

తాను కట్టిన శిస్తు ఎక్కువని ఆయనకే తెలుసు. పంటలో నూటికి నలభై అయిదు పాళ్లు సర్కారుకే పోతున్నదని తనే లెక్క తేల్చాడు. దాన్ని నాలుగోవంతు తగ్గిస్తే మూడోవంతుకు దిగుతుంది, అప్పుడే భూమికి ఒక విలువ వస్తుంది, రైతు దాన్ని తనది అనుకుంటాడు అని 1807లో పైవాళ్లకు రాశాడు. పైవాళ్లు వినలేదు. ఆయన సెలవు మీద స్వదేశం పోగానే రైత్వారీ తీసేసి వూళ్లను గుత్తకిచ్చారు. గుత్తదారులు కొందరు దివాలా తీశారు, రైతులు చితికిపోయారు. ఏడేళ్లు ఇంగ్లండులో వున్న మన్రో అక్కడి పార్లమెంటు సభ్యుల ముందు మన దేశం గురించి సాక్ష్యం చెప్పాడు. యాభై మూడో యేట పెళ్లి చేసుకుని 1814లో మళ్లీ మద్రాసు వచ్చాడు. కోర్టుల సంస్కరణ చూశాడు. 1817, 18లో మరాఠా యుద్ధానికి వెళ్లాడు. చివరికి 1820 జూన్‌లో మద్రాసు గవర్నరయ్యాడు. నలభై యేళ్ల కిందట కేడెట్టుగా దిగిన రేవులోనే గవర్నరుగా దిగాడన్నమాట.

గవర్నరయిన తరువాత తాను పదమూడేళ్ల కిందట అడిగిన నాలుగోవంతు తగ్గింపు తానే ఇచ్చాడు. రైత్వారీ మళ్లీ తెచ్చాడు. 1822లో, మన వూళ్లలో బడులు ఎన్ని వున్నాయో లెక్క తీయమని కలెక్టర్లందరికీ హుకుం పంపాడు. లెక్క 1826కు తేలింది: రాజధాని మొత్తానికి 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. తెల్లవాళ్లు వచ్చి అక్షరం నేర్పారనేవారికి ఈ అంకెలు చూపించవచ్చు. అవన్నీ మన పంతుళ్లు నడిపిన వీధిబడులే. 1824 ఆఖరున రాసిన ఒక వ్రాతలో, ఈ దేశం వారికి పెద్ద వుద్యోగాలు ఇవ్వాలనీ, తమను తామే పరిపాలించుకునే రోజు రావాలనీ, ఆ రోజు ఇంగ్లీషువాళ్లు మర్యాదగా తప్పుకోవాలనీ అభిప్రాయం చెప్పాడు. అది రాసినప్పుడు కాంగ్రెసు పుట్టడానికి ఇంకా అరవై యేళ్లుంది.

రాజీనామా ఇద్దామనుకుంటే బర్మా యుద్ధం వచ్చి ఆగవలసి వచ్చింది. భార్యనూ పసివాణ్నీ 1826లోనే ముందుగా ఇంగ్లండు పంపించేశాడు. 1827లో ఇక తానూ వెళ్లిపోయే ముందు, దత్తమండలాలు ఒక్కసారి చూసి వస్తానని బయలుదేరాడు. ఎండాకాలం దాటినా కలరా దాటలేదు. గుత్తి నుంచి పత్తికొండ చేరిన తరువాత ఆయనకూ అది సోకింది. జులై 6న ప్రొద్దున జబ్బు పడి ఆ రాత్రికే పోయాడు. గుత్తికి తెచ్చి కోట కింద సమాధి చేశారు. నాలుగేళ్ల తరువాత మద్రాసు కోటలోని చర్చికి మార్చారు. పత్తికొండలో ఆయన పేరున తోపు వేయించారు, రాతిమెట్ల బావి తవ్వించారు. గుత్తిలో సత్రం కట్టించారు. మద్రాసులో గుర్రం మీద కూర్చున్న పెద్ద విగ్రహం 1839లో లేచింది. జీను లేదు, రికాబులు లేవు. ఇప్పటికీ అక్కడే వుంది.

మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం నుంచి ఆయనకు దర్శనమిచ్చి మాట్లాడారనీ, గండి దగ్గర కొండల నడుమ బంగారు తోరణం ఆయనకు కనిపించిందనీ చెప్పుకుంటారు. మన జనం ఒక మనిషిని తమవాడిగా కలుపుకోవాలంటే ముందు అతనికి దేవుణ్ని చూపిస్తారు. తరువాత పిల్లలకు అతని పేరు పెడతారు.

ఇదీ వియ్యంకుడి పక్షం. మరి మా పక్షం?

గీతకు ఇటు నిజాము రాజ్యం యథాప్రకారం సాగింది. శిస్తు వసూలు చేసిపెట్టే దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు వుండేవారు. మొదటి సాలార్‌జంగు 1865 ప్రాంతంలో జిల్లాలు ఏర్పరచి, దివానీ భూముల్లో సర్కారే రైతు దగ్గర నేరుగా శిస్తు తీసుకునే పద్ధతి తెచ్చాడు. కాగితం మీద అదీ రైత్వారీయే. వసూలు పోయినందుకు దేశ్‌ముఖులకు రుసుం ఏర్పాటు చేశారు. కాని భూములు కొలిచి పేర్లు రాసేటప్పుడు ఆ పుస్తకాలు ఎవరి అదుపులో వున్నాయి? వాళ్ల అదుపులోనే. మంచి నేలలన్నీ వాళ్ల పేర్లకు ఎక్కాయి. దున్నినవాడు తన పొలంలో తానే కౌలుదారయ్యాడు. ఆ తరువాత వెట్టివాడయ్యాడు. జనగామ తాలూకా విసునూరు దేశ్‌ముఖు కింద అరవై వూళ్లు నడిచిన సంగతి అందరికీ తెలిసిందే.

మా తాత చెరువు కింద మూడెకరాలు, తుమ్మ కొట్టి, రాయి ఏరి చేసుకున్నాడు. ఆ వూరు పేరూ, ఆ దొర పేరూ ఇక్కడ అక్కరలేదు. పంట మా తాతది, పట్టా దొరది. ఒకసారి ధైర్యం చేసి గడీకి వెళ్లి, "నీ బాంచెను దొరా, నా భూమికి నా పేరు రాయించున్రి" అన్నాడట. దొర నవ్వి, "నీకు పేరెందుకురా?" అన్నాడట. కొట్టలేదు, తిట్టలేదు. ఆ ఒక్క మాటే అన్నాడు. మా తాత ఆ మాట చచ్చేదాకా మరచిపోలేదు. నాకు వూహ తెలిసిన తరువాత ఎన్నిసార్లు చెప్పాడో!

కామారెడ్డిగూడెం బందగీ కోర్టులో గెలిచాడు గాని ప్రాణం దక్కించుకోలేకపోయాడు. పాలకుర్తి ఐలమ్మ నాలుగెకరాల పంట కోసం దేశ్‌ముఖుకు ఎదురు నిలిచింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు పడిపోయాడు. తరువాత ఏం జరిగిందో లోకమెరిగినదే. జాగీర్లు 1949లో పోయాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1954-55 ఖాస్రా పహాణీలో మా తాత పేరు మొదటిసారి ఎక్కింది. దాని నకలు మా ఇంట్లో దేవుడి పటాల పక్కన వుండేది.

ఇదంతా చదివి, పెళ్లయిన మరుసటి యేడు గుత్తికి వెళ్లాను. మా అమ్మాయిని చూడడం వంక. అసలు పని వాదన. రాత్రి మేడమీద మంచాలు వేసుకుని పడుకున్నప్పుడు మొదలుపెట్టాను.

"బావగారూ, మీ మన్రో మంచివాడే కావచ్చు. కాని ఎవరి కోసం చేశాడు? కంపెనీ బొక్కసం కోసం గదా! ఆయన పోయిన తరువాత ఆ రైత్వారీలోనే శిస్తు కట్టనివాణ్ని ఎండలో వంగబెట్టి వీపు మీద రాళ్లెత్తారు. అది నిజమేనని 1855లో మద్రాసు సర్కారు వేసిన కమిషనే తేల్చింది. దొర ఎవరయితేనేం?"

మా వియ్యంకుడు చాలాసేపు మాట్లాడలేదు. నిద్రపోయాడనుకున్నాను. చివరికి అన్నాడు: "కాదనను బావగారూ. శిస్తు కోసమే వచ్చినాడు. తీసుకునే పోయినాడు. అయితే మా ముసలోళ్లు ఒకటే మాట చెప్పేవాళ్లు. ఆయన మా చేని గట్టు మీద నిలబడినాడు, నీ పేరేమప్పా అని అడిగినాడు, అని. అంతకు ముందు పేరడిగినోడు లేడంట. అడిగినోడి పేరు పెట్టుకున్నారు. అంతే."

నేను మరి మాట్లాడలేకపోయాను. మా తాతను దొర అడిగిన మాటా పేరు గురించే. "నీకు పేరెందుకురా?" అని ఇటు, "నీ పేరేమప్పా?" అని అటు. రెండూ దొరల మాటలే.

కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం దొరలు కాదు. నేనే. ఇన్నాళ్లూ ఇంట్లో కూడా చెప్పని సంగతి పాఠకులకు చెబుతున్నాను.

2017 ఆఖరున భూరికార్డుల ప్రక్షాళన జరిగింది. నా సర్వీసు చివరి సంవత్సరం. భూపాలపల్లి వైపు ఒక వూరు. డెబ్బయి యేళ్ల రైతు వచ్చాడు. వాళ్ల నాయన నలభై యేళ్ల కిందట తెల్లకాగితం మీద కొన్న ఎకరా ఇరవై గుంటలు. మేము సాదాబైనామా అంటాం. రికార్డులో ఇంకా అమ్మినవాడి కుటుంబం పేరే వుంది. "సారూ, ఒక్కపారి మోకా మీదికి రాండ్రి. సాగు ఎవలదో మీ కండ్లతోటి చూడున్రి. చుట్టుపక్కలోళ్లను అడుగున్రి" అన్నాడు.

వస్తానన్నాను. అప్పుడే వానలు వెలిసి దారంతా బురద. పొలం మూడు మైళ్లు. పైనుంచి రోజుకొక ఫోను, ఎన్ని పూర్తయ్యాయని. నేను వెళ్లలేదు. బల్ల దగ్గర కూర్చుని పాత పేరే కొనసాగించి, విచారణ చేసినట్టు సంతకం పెట్టాను. నన్నెవరూ బలవంత పెట్టలేదు. లంచం తీసుకోలేదు. కాళ్లకు బురద అంటకుండా వుండడం కోసం చేశాను.

2018 మేలో రైతుబంధు చెక్కులు ఇచ్చారు, ఎకరానికి నాలుగు వేలు. ఆయనకు పాసుపుస్తకం లేదు. నా దగ్గరికి వచ్చాడు. కోప్పడలేదు. "మీరు వస్తరని గట్టంత చెక్కి వుంచిన సారూ" అన్నాడు. నెల తిరగకుండా నేను రిటైరయ్యాను. దండలు వేశారు, శాలువా కప్పారు. నిజాయితీపరుడని ఉపన్యాసాలు చెప్పారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. అది వినయమనుకున్నారు.

గుత్తిలో మరునాడు ఉదయం మా వియ్యంకుడు కోట కిందికి తీసుకుపోయాడు. పైన నున్నటి పెద్ద బండకొండ, కింద ఇంగ్లీషువాళ్ల పాత సమాధులు. మన్రోను మొదట పెట్టిన చోటు చూపించాడు. నేను దండం పెట్టలేదు. పరాయి రాజ్యం కోసం పనిచేసిన అధికారికి దండం పెట్టడానికి మా తాత ఒప్పుకోడు. కాని అక్కడ నిలబడి ఒకటి అనుకున్నాను. అరవై ఆరేళ్ల వయసులో, గవర్నరు హోదాలో, ఓడ ఎక్కి ఇంటికి పోవలసిన మనిషి, కలరా వున్న వూళ్లకు మళ్లీ ఎందుకు వచ్చాడు? వాళ్లను చూసి పోదామని వచ్చాడు. నేను మూడు మైళ్లు పోలేదు. నా ప్రజలు, నా భాష, మా తాతవంటి ముసలివాడు. పోలేదు.

దొరతనం గడీలోనే వుంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. నా బల్ల దగ్గర కూడా వుందని అక్కడ తెలిసింది.

ఇంటికి వచ్చిన వారానికి ఆ వూరు వెళ్లాను. బస్సు దిగి నడిచాను. రైతు ఇంకా వున్నాడు, చూపు మందగించింది. గొంతు విని గుర్తుపట్టాడు. ఇద్దరం పొలానికి పోయాం. పత్తి వేశాడు. గట్టు శుభ్రంగానే వుంది. నాలుగు వైపులా వున్న రైతులను పిలిచి అడిగాను. అందరూ ఒకే మాట చెప్పారు. పదిమందిలో, నేను ఆనాడు మోకా మీదికి రాకుండానే సంతకం పెట్టానని చెప్పాను. ఆ మాట కాగితం మీద కూడా రాసి సంతకం చేసి ఇచ్చాను. దానివల్ల నా పింఛనుకు ఏమవుతుందని మా ఆవిడ అడిగింది. ఏమయితే అది అవుతుందన్నాను.

ముసలాయన మాత్రం, "ఇప్పుడన్న వస్తిరి, కూసోండ్రి" అని తువ్వాలతో గట్టు దులిపాడు.

2025లో భూభారతి చట్టం వచ్చిన తరువాత కొత్తగా అర్జీ పెట్టించాను. నా కాగితం కూడా దానికి జతపరిచారు. మొన్న ఫోనులో ఈ సంగతంతా చెబితే మా వియ్యంకుడు, "అయితే బావగారూ, ఆయన మనవడికి మీ పేరు పెడతాడేమో చూడండి!" అని నవ్వాడు. అంత భాగ్యం నాకు అక్కరలేదు. ముందు ఆయన పేరు ఆయన భూమికి పడితే చాలు.

అర్జీ ఇంకా తేలలేదు. వచ్చే విచారణకు నేనూ వెళుతున్నాను.